మంటను ఆర్పు మాంసకృత్తు

కాలిలో ముల్లు విరిగినచో కొంత సేపటికి ఆ చోటు ఎర్రబడును, వేడెక్కును, వాచును, నొప్పి పెట్టును. ఈ నాలుగు లక్షణములను సుమారు రెండు వేల సంవత్సరముల క్రిందట రోమను గ్రంథకర్త సెల్సస్ వరుసగా పేర్కొన్నాడు. వైద్యులు దీనిని శోథ అందురు. శోథ స్వతహాగా రోగము కాదు, అది రక్షణోపాయము. ముల్లుతో పాటు లోపల ప్రవేశించిన సూక్ష్మజీవులను చంపుటకు రక్తములోని తెల్లకణములు అక్కడికి చేరవలెను. వాటికి దారి ఇచ్చుటకై సన్నని రక్తనాళములు వెడల్పు కావలెను. వాటి గోడలు కొంచెము సందు ఈయవలెను. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నియు ఆ యుద్ధసన్నాహపు గుర్తులే.

అయితే వంటకు రాజేసిన పొయ్యి వంట ముగిసిన పిమ్మట ఆరవలెను. పని తీరిన తరువాత కూడ ఆరని శోథ, శత్రువు లేని చోట రగులుకొన్న శోథ, శరీరమునే దహించును. కీళ్లవాతములో కీళ్ల లోపలి పొరలను, ఉబ్బసములో ఊపిరి గొట్టములను బాధించునది ఇదే. కనుక ప్రకృతి మంటను రాజేయు ఏర్పాటుతో పాటు దానిని అణచు ఏర్పాటును కూడ మన దేహములో అమర్చినది. ఆ ఏర్పాటులో ముఖ్యమైన ఒక మాంసకృత్తును గూర్చి, దాని నిర్మాణమును గూర్చి ఈ ప్రసంగములో తెలిసికొందము. దాని పేరు గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకము.

పేరు కొత్తగా తోచవచ్చును గాని, దానితో సంబంధము లేని ఇల్లు అరుదు. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, హైడ్రోకార్టిసోన్ అను పేర్లను మనము మందుల చీటీల మీద చూచుచునే ఉన్నాము. జనులు వీనిని స్టీరాయిడ్లు అని క్లుప్తముగా పిలుచుచున్నారు. కొందరు వీనిని సర్వరోగ నివారిణులుగా ఎంచి అడిగి మరీ కొనుక్కొందురు. మరికొందరు విషములని భయపడి, వైద్యుడు వ్రాసి ఇచ్చినను ముట్టరు. ఈ మందులన్నియు తట్టు తలుపు ఒక్కటే. అదియే ఈ గ్రాహకము. దాని నిర్మాణము ఎట్టిదో తెలిసినచో, ఈ మందుల వలన కలుగు మేలును కీడును ఒకే కొమ్మకు కాచిన కాయలని బోధపడును. అప్పుడు వెర్రి నమ్మకమునకును, వెర్రి భయమునకును కూడ చోటుండదు.

మన రెండు మూత్రపిండముల మీద టోపీల వలె రెండు చిన్న గ్రంథులు కలవు. వాటి పేరు అడ్రినల్ గ్రంథులు. వాటి పైపొరలో కార్టిసాల్ అను హార్మోను తయారగును. రక్తములో దీని పాలు తెల్లవారు వేళకు హెచ్చుగాను, అర్ధరాత్రి వేళకు మిక్కిలి తక్కువగాను ఉండును. జ్వరము, గాయము, శస్త్రచికిత్స వంటి కష్టములు కలిగినపుడు గ్రంథులు ఈ హార్మోనును అధికముగా విడుచును. రేడియో కేంద్రము నుండి వెలువడిన తరంగములు ఊరంతటను వ్యాపించినట్లు ఈ హార్మోను రక్తముతో పాటు దేహమంతటను వ్యాపించును. కాని తరంగములు ఉన్నంత మాత్రమున పాట వినబడదు. వానిని అందుకొను సెట్టు ఇంటిలో ఉండవలెను. జీవకణములో ఆ సెట్టు వంటిదే గ్రాహకము. ఈ గ్రాహకము విశేషమేమనగా, అది ఏదో ఒక అవయవములో మాత్రము కాక, దాదాపు అన్ని అవయవముల కణములలోను ఉన్నది. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నచో తరువాతి కథ సులభముగా అర్థమగును.

ఈ మందుల చరిత్ర అమెరికాలో, మినిసోటా రాష్ట్రమునందలి రాచెస్టర్ పట్టణములో, మేయో వైద్యాలయమున ఆరంభమైనది. అక్కడి వైద్యుడు ఫిలిప్ హెంచ్ 1929లో ఒక వింతను గమనించినాడు. కీళ్లవాతముతో బాధపడుచున్న ఒక రోగికి కామెర్లు రాగా, కీళ్ల నొప్పులు తగ్గిపోయినవి. గర్భవతులలో కూడ ఈ వ్యాధి తాత్కాలికముగా శాంతించుటను ఆయన చూచినాడు. దేహములోనే పుట్టు పదార్థమేదో ఇందుకు కారణమై ఉండవలెనని ఊహించినాడు. అదే వైద్యాలయములో ఎడ్వర్డ్ కెండల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అడ్రినల్ గ్రంథుల పైపొర నుండి పదార్థములను వేరుచేయుచుండినాడు. స్విట్జర్లాండులోని బాసెల్ నగరములో టాడియస్ రైక్‌స్టైన్ కూడ అదే పరిశోధనలో ఉండినాడు. కెండల్ 'ఇ' అని గుర్తు పెట్టిన పదార్థమును హెంచ్ 1948 సెప్టెంబరు మాసములో 29 సంవత్సరముల వయస్సు గల ఒక రోగిణికి సూదిమందుగా ఇప్పించినాడు. కదలుటకే కష్టపడుచుండిన ఆమె కొలది దినములలోనే లేచి నడచినది. ఆ పదార్థమే కార్టిసోన్. అది దేహములో కార్టిసాల్‌గా మారి పనిచేయును. 1950లో ఈ ముగ్గురికి వైద్యశాస్త్రములో నోబెల్ బహుమానము లభించినది.

ఆ సంతోషముతో పాటే విచారము కూడ బయలుదేరినది. మందును ఎక్కువ కాలము వాడినవారికి ముఖము ఉబ్బుట, రక్తములో చక్కెర పెరుగుట, ఎముకలు గుల్లబారుట కనిపించినవి. మందు మానినచో వ్యాధి తిరగబెట్టినది. మందు పనిచేయునని తెలిసినది గాని, మేలును కీడును కలిసియే ఎందుకు వచ్చుచున్నవో తెలియలేదు. ఆ రహస్యము తెలియుటకు గ్రాహకపు రూపమును కంటితో చూచినంత స్పష్టముగా తెలిసికొనవలసి వచ్చినది. అందుకు మరి యాభై సంవత్సరములు పట్టినవి.

హార్మోనులన్నియు ఒకే రీతిగా కణముతో మాట్లాడవు. ఇన్సులిన్ వంటివి కణపు పైపొరను దాటలేవు. వాకిట నిలిచి, ఆ పొర మీది గ్రాహకములను తట్టి, వార్తను లోపలికి పంపును. కార్టిసాల్ కొలెస్టరాల్ నుండి పుట్టిన స్టీరాయిడు. మూడు ఆరుమూలల వలయములును, ఒక ఐదుమూలల వలయమును ఒకదాని ప్రక్క నొకటి చేరిన చిన్న అణువది. కొవ్వులో కరగు స్వభావము గలది. కణపు పొర కూడ కొవ్వుతో నిర్మితమైనది. అందుచేత అది పొరను దాటి లోనికి ప్రవేశించి, కణరసములో కాచుకొనియున్న గ్రాహకమును చేరును. హార్మోనును అందుకొన్న గ్రాహకము కణకేంద్రకములోనికి పోయి, అక్కడి జన్యువుల మీద అధికారము నెరపును. ఇట్లు కేంద్రకములో పనిచేయు గ్రాహకములను కేంద్రక గ్రాహకములందురు. మానవునిలో ఇట్టివి 48 కలవు. ఈస్ట్రోజను, థైరాయిడ్ హార్మోను, 'డి' విటమిను మొదలగువాని గ్రాహకములు దీనికి దాయాదులు.

1970 తరువాతి దశకములో స్వీడను దేశపు కరోలిన్స్కా సంస్థలో గుస్టాఫ్సన్ బృందము ఎలుక కాలేయము నుండి ఈ గ్రాహకమును శుద్ధిచేసి, అది మూడు భాగముల కూర్పు అని గ్రహించినది. 1985లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో రొనాల్డ్ ఎవాన్స్ బృందము మానవ గ్రాహకమును తయారుచేయు జన్యువాక్యమును చదివి ప్రకటించినది. దానితో ఈ మాంసకృత్తులో 777 అమైనో ఆమ్లములు పూసల వలె వరుసగా గ్రుచ్చబడి ఉన్నవని తేలినది. ఈ దండ తనకు తానే ముడుచుకొని మూడు భాగములగును. ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పని కలదు.

మొదటి భాగము సుమారు 420 పూసల పొడవు గలది. అనగా సగము కంటె ఎక్కువ. విచిత్రమేమనగా, దీనికి స్థిరమైన ఆకృతి లేదు. విడివడిన దారము వలె అటునిటు ఊగుచుండును. జన్యువులను మేల్కొలుపు ఇతర మాంసకృత్తులతో జతపడినపుడు మాత్రమే ఒక రూపమును దాల్చును. రూపము లేకపోవుట లోపము కాదు. పలువురు భాగస్వాములతో పలు విధములుగా ఒదుగుటకు అది వీలు కల్పించును. గ్రాహకము జన్యువు వద్దకు చేరిన తరువాత పని ఎంత ఉధృతముగా సాగవలెనో నిర్ణయించుటలో ఈ భాగమునకు పెద్ద పాత్ర కలదు.

నడిమి భాగము చిన్నది. సుమారు 70 పూసలే. కాని నిర్మాణములో మిక్కిలి చక్కనిది. ఇందులో రెండు జింకు పరమాణువులు ఉన్నవి. ఒక్కొక్క జింకు పరమాణువును సిస్టీన్ అను గంధకము గల అమైనో ఆమ్లములు నాలుగేసి నలుప్రక్కల నుండి పట్టుకొని ఉండును. ఆ పట్టు వలన దారము బిగిసి, వ్రేళ్ల వలె ముందునకు పొడుచుకొని వచ్చును. వీనిని జింకు వ్రేళ్లందురు. ఈ వ్రేళ్లు పట్టుకొనునది జన్యువుల మూలద్రవ్యమైన డి.ఎన్.ఎ.ను.

డి.ఎన్.ఎ. రెండు దారములు మెలివేసిన త్రాడు వంటిది. మెలికల మధ్య ఒక వెడల్పైన గాడి, ఒక ఇరుకైన గాడి ఏర్పడును. మొదటి జింకు వ్రేలిని ఆనుకొనియున్న సర్పిలము వెడల్పైన గాడిలో దూరి, గ్రుడ్డివాడు వ్రేళ్లతో తడిమి అక్షరములను చదివినట్లు, అక్కడి అక్షరములను చదువును. డి.ఎన్.ఎ. లిపిలో అక్షరములు నాలుగే: ఎ, జి, సి, టి. ఒక దారములో ఎ ఉన్నచోట ఎదుటి దారములో టి ఉండును. జి ఉన్నచోట సి ఉండును. గ్రాహకము వెదకు మాట ఎ-జి-ఎ-ఎ-సి-ఎ అని ఆరక్షరములు, పిమ్మట ఏవేని మూడక్షరముల ఎడము, ఆపై టి-జి-టి-టి-సి-టి అని మరి ఆరక్షరములు. ఒక దారమును ఎడమ నుండి కుడికి చదివినను, ఎదుటి దారమును కుడి నుండి ఎడమకు చదివినను ఇదే మాట వచ్చును. వికటకవి అను మాటను ఎటునుండి చదివినను ఒక్కటే అయినట్లు ఇదియు ఒక చిత్రము. అన్ని చోట్లను ఈ మాట అచ్చముగా ఇట్లే ఉండదు. ఒకటి రెండక్షరముల భేదముతో ఉండుట కలదు.

ఈ చిత్రమునకు ప్రయోజనము కలదు. గ్రాహకము ఇక్కడికి ఒంటరిగా రాదు. రెండు గ్రాహకములు కాడికి కట్టిన జోడెడ్ల వలె వచ్చి, ఒకటి ఒక సగమును, రెండవది రెండవ సగమును పట్టుకొనును. రెండవ జింకు వ్రేలి దగ్గరి మడత ప్రక్క జోడీని పట్టుకొని ఉండును. 1991లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ సిగ్లర్, బెన్ లూసీ మొదలగువారు కాలిఫోర్నియాలోని కీత్ యమమోటో బృందముతో కలసి ఈ నడిమి భాగమును డి.ఎన్.ఎ.తో కూడ స్ఫటికముగా చేసి, ఎక్స్ కిరణములతో పరీక్షించి, ఈ దృశ్యమును లోకమునకు చూపినారు. ఆ ప్రయోగములలో ఒకదానిలో డి.ఎన్.ఎ. సగముల నడుమ మూడక్షరములకు బదులు నాలుగక్షరముల ఎడము ఉండినది. అయినను జోడీ తమ నడిమి దూరమును మార్చుకొనలేదు. ఒకటి సరియైన మాట మీద కూర్చున్నది. రెండవది ఒక అక్షరము తప్పి కూర్చున్నది. కాడి పొడవు ఎంత గట్టిగా నిర్ణయింపబడినదో దీని వలన తెలియుచున్నది.

మూడవ భాగము కడపటి 250 పూసలది. హార్మోనును పట్టుకొనునది ఇదే. దీనిని స్ఫటికముగా చేయుట శాస్త్రజ్ఞులను చిరకాలము బాధించినది. హార్మోను లేనపుడు ఇది నిలకడ లేక ముద్దకట్టిపోవును. తుదకు అమెరికాలోని ఉత్తర కరోలినాలో గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ పరిశోధకులు 602వ స్థానమందలి అమైనో ఆమ్లమును మార్చి, నీటిలో కరగి నిలుచునట్లు చేసి, డెక్సామెథసోన్‌తో కలిపి స్ఫటికమును సాధించినారు. ఆ చిత్రము 2002లో ప్రకటితమైనది.

అందులో కనిపించినది ఇది. పన్నెండు సర్పిలములు మూడు వరుసలుగా, దూలముల మీద దూలములు పేర్చినట్లు అమరి ఉన్నవి. వాటి నడుమ గోడలోని గూడు వంటి ఒక ఖాళీ ఉన్నది. ఆ గూటిలో డెక్సామెథసోన్ అణువు నలువైపుల నుండి కప్పబడి, బయటికి ఏ అంచును కనబడకుండ ఒదిగి ఉన్నది. గూటి గోడలు చాలవరకు కొవ్వును ఇష్టపడు అమైనో ఆమ్లములతో కట్టబడినవి; అందుచేత స్టీరాయిడు వలయములకు అక్కడ సుఖముగా ఉండును. కొన్ని చోట్ల మాత్రము ఉదజని బంధములు కొక్కెముల వలె మందును పట్టి ఉంచును. డెక్సామెథసోన్‌కు కార్టిసాల్ కంటె అదనముగా ఒక ఫ్లోరీను పరమాణువు, ఒక మిథైల్ సమూహము, ఒక ద్విబంధము కలవు. ఈ చిన్న మార్పుల ఫలితముగా దాని శోథహర శక్తి కార్టిసాల్‌కు సుమారు ఇరువదియైదు రెట్లు. చీటీ మీద ఒకే జాతి మందులు రెండు మిల్లీగ్రాములలో అంత భేదముతో కనిపించుటకు కారణమిదే.

ఈ భాగములో అన్నిటికంటె ముఖ్యమైనది పన్నెండవ సర్పిలము. హార్మోను గూటిలో కుదురుకొన్నపుడు ఈ సర్పిలము తలుపు గడియ వలె తన స్థానములో పడును. అట్లు పడుటచేత గ్రాహకపు ఉపరితలమున ఒక చిన్న గాడి ఏర్పడును. జన్యువులను మేల్కొలుపు సహాయక మాంసకృత్తులు వచ్చి తగులుకొనునది ఆ గాడిలోనే. గడియ సరిగా పడకున్నచో గాడి లేదు. గాడి లేకున్న సహాయకులు లేరు. ఆర్.యు.486 అని పిలువబడిన మిఫెప్రిస్టోన్ అను మందు కూడ ఇదే గూటిలో దూరును. కాని దాని ప్రక్కకు పొడుచుకొని వచ్చిన పొడవైన కొమ్మ ఒకటి గడియను పడనీయదు. అందుచేత అది గూటిని ఆక్రమించును గాని పని జరుగనీయదు. 2003లో ప్రకటితమైన మరియొక స్ఫటిక చిత్రము ఈ సంగతిని స్పష్టము చేసినది.

హార్మోను లేనపుడు నిలకడ లేని ఈ గ్రాహకము కణములో ఎట్లు బ్రతుకుచున్నది? అందుకు కొందరు దాదులు కలరు. వారిలో ముఖ్యమైనవి హెచ్.ఎస్.పి.70, హెచ్.ఎస్.పి.90 అను మాంసకృత్తులు. మొదటిది గ్రాహకమును కొంత విప్పి రెండవదానికి అప్పగించును. రెండవది దానిని తిరిగి చక్కగా ముడిచి, గూడు తెరచియుండునట్లు, హార్మోను వచ్చినంతనే అందుకొనునట్లు సిద్ధము చేసి పట్టుకొని ఉండును. 2022లో అమెరికాలోని డేవిడ్ ఎగార్డ్ బృందము అతిశీతల స్థితిలో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో ఈ అప్పగింతల దృశ్యములను చిత్రించినది.

ఇక గ్రాహకము శోథను ఎట్లు అణచునో చూతము. కణములో మంటను రాజేయు సేనానులలో ఎన్.ఎఫ్.కప్పా-బి, ఎ.పి.-1 అనునవి ప్రధానమైనవి. సూక్ష్మజీవుల జాడ తెలిసినంతనే ఇవి కేంద్రకములో శోథ జన్యువులను మేల్కొల్పి, తెల్లకణములను పిలుచు సందేశ పదార్థములను పుట్టించును. గ్రాహకము వీనిని రెండు మార్గముల ఎదుర్కొనును. మొదటిది, తాను జోడీగా డి.ఎన్.ఎ. మీద కూర్చుండి, మంటను ఆర్పు మాంసకృత్తుల జన్యువులను మేల్కొలుపుట. రెండవది, ఆ సేనానులు ఉన్నచోటికే తాను పోయి, వారి ప్రక్కన చేరి, వారి పనిని ఆపుట. మొదటిది నీరు చల్లుట వంటిది. రెండవది కట్టెను పొయ్యి నుండి వెనుకకు లాగుట వంటిది.

మొదటి మార్గములో జన్యువు మేల్కొని, దాని వార్త వ్రాయబడి, దానిని బట్టి మాంసకృత్తు తయారు కావలెను. దీనికి గంటల కాలము పట్టును. ఉబ్బసము తీవ్రమైనపుడు స్టీరాయిడు ఇచ్చినను వెంటనే ఊపిరి సలుపకపోవుటకు కారణమిదియే. అందుకే వైద్యులు ఊపిరి గొట్టములను త్వరగా విప్పు మందును కూడ దానితో పాటు ఇత్తురు. "సూది వేసినను గుణము కనబడలేదు" అని అరగంటకే మందును నిందించుట తగదు.

కీడు ఎక్కడి నుండి వచ్చుచున్నది? వేరొక చోటి నుండి కాదు. ఈ గ్రాహకము పేరులోని గ్లూకో అనునది గ్లూకోసును సూచించును. కష్టకాలములో మెదడునకు చక్కెర అందునట్లు చూచుట ఈ హార్మోను మొదటి ధర్మములలో ఒకటి. కాలేయ కణములో ఇదే జోడీ ఇదే మాట మీద కూర్చుండి, మాంసకృత్తుల ముక్కల నుండి గ్లూకోసును తయారుచేయు జన్యువులను మేల్కొల్పును. అందుచేత రక్తములో చక్కెర పెరుగును. ఎముకను కట్టు కణములలో ఇదే గ్రాహకము పని తగ్గించును, ఎముక గుల్లబారును. చర్మములో పోగుల తయారీ తగ్గించును, చర్మము పలుచబడును. ఏ కణములో ఏ జన్యువులు తెరచి ఉంచబడినవో దానిని బట్టి ఫలితము మారునే గాని, గ్రాహకము మారదు. ఒకే ప్రసారము వంట ఇంటిలో ఒక పనిని, పడక గదిలో వేరొక పనిని జరిపించినట్లున్నది.

మరియొక చోటును మరువరాదు. కార్టిసాల్ చాలినంత ఉన్నదా లేదా అని మెదడులోని హైపోథాలమస్, దాని క్రింది పిట్యూటరీ గ్రంథి సదా కనిపెట్టుచుండును. అక్కడ కూడ ఇదే గ్రాహకము కాపలా ఉన్నది. బయటి నుండి స్టీరాయిడు వచ్చినపుడు ఆ కాపలాదారు "చాలినంత ఉన్నది" అని తెలుపును. అడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞలు ఆగిపోవును. వారములు, నెలలు ఇట్లు గడచినచో పని లేని గ్రంథులు కుంచించుకొనిపోవును. అట్టి స్థితిలో రోగి మందును ఒక్కసారిగా మానినచో, బయటి హార్మోను లేదు, లోపలిది పుట్టదు. రక్తపు పోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. ఎక్కువ కాలము వాడిన మందును మెట్టుమెట్టుగా తగ్గింపవలెనని వైద్యులు పట్టుపట్టుటకు ఇది కారణము.

మేలును కీడును విడదీయలేమా అను ప్రశ్న శాస్త్రజ్ఞులకు తోచకపోలేదు. 1995లో ఈ గ్రాహకము పనిచేయని ఎలుకలను పుట్టించినారు. అవి ఊపిరితిత్తులు విచ్చుకొనక, పుట్టిన కొలది కాలములోనే చాలవరకు చనిపోయినవి. ఊపిరితిత్తులు పరిపక్వమగుటకు ఈ గ్రాహకము అంత అవసరము. నెలలు నిండక ముందే ప్రసవము కాగల తల్లులకు స్టీరాయిడు ఇచ్చినచో బిడ్డ ఊపిరి కష్టము తగ్గునని న్యూజిలాండులో లిగ్గిన్స్, హౌవీ అను వైద్యులు 1972లోనే చూపియుండినారు. ఆ చికిత్స ఎందరో బిడ్డల ప్రాణములను నిలిపినది.

1998లో జర్మనీలోని హైడెల్బర్గులో గుంటర్ షూట్జ్ బృందము మరింత సూక్ష్మమైన ప్రయోగము చేసినది. రెండవ జింకు వ్రేలి వద్ద ఒకే ఒక అమైనో ఆమ్లమును మార్చి, జోడీ కట్టు శక్తిని దెబ్బతీసినారు. ఆ ఎలుకలు బ్రతికినవి. కొన్ని రకముల శోథలను స్టీరాయిడు వాటిలో ఇంకను అణచగలిగినది. అప్పుడు అందరికిని ఒక ఆశ పుట్టినది: జోడీ పని వలన కీడును, ఒంటరి పని వలన మేలును వచ్చునేమో, ఒంటరి పనిని మాత్రమే చేయించు మందును కనిపెట్టినచో చాలునేమో అని. కాని తరువాతి పరిశోధనలు ఈ విభజన అంత సులభము కాదని చూపినవి. ఆ ఎలుకలు రక్తమునకు సోకు విషజ్వరపు తాకిడికి మరింత తేలికగా లొంగిపోయినవి. మంటను ఆర్పుటకు కూడ జోడీ పని కావలసియే ఉన్నది. గూటిలో కొంచెము భిన్నముగా ఒదిగి, గడియను కొంచెము భిన్నముగా నిలుపు మందుల కొరకు అన్వేషణ మాత్రము ఆగలేదు. కండరములు క్షీణించు డుషేన్ వ్యాధికి 2023లో అమెరికాలో అనుమతి పొందిన వామొరొలోన్ అట్టి ప్రయత్నముల ఫలము.

ఈ నిర్మాణ జ్ఞానము ఇంటిలోని వారికి ఎట్లు ఉపయోగపడును? 2020లో కోవిడ్ మహమ్మారి కాలమున బ్రిటనులో జరిగిన రికవరీ అను పెద్ద పరీక్ష దీనికి చక్కని దృష్టాంతము. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను పది దినములకు మించకుండ ఇచ్చి చూచినారు. శ్వాసయంత్రము మీద ఉన్నవారిలో 28 దినములలో మరణములు నూటికి 41 నుండి 29కి తగ్గినవి. ప్రాణవాయువు మాత్రము అందుకొనుచున్నవారిలో 26 నుండి 23కు తగ్గినవి. ప్రాణవాయువు అవసరము లేనివారికి మాత్రము ఏ లాభమును కనబడలేదు. మంట ఇల్లు కాల్చుచున్నపుడు నీరు ప్రాణము నిలిపినది. పొయ్యి మీద వంట జరుగుచున్నపుడు చల్లిన నీటి వలన ప్రయోజనము లేదు.

మరుసటి సంవత్సరము, 2021లో, దాని రెండవ పార్శ్వమును మన దేశము చూచినది. జనులు నల్ల ఫంగసు అని పిలిచిన మ్యూకోర్మైకోసిస్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడ అనేకులకు సోకినది. మధుమేహము అదుపులో లేనివారును, స్టీరాయిడ్లను అవసరమునకు మించి వాడినవారును దీనికి ఎక్కువగా గురియైనారు. కాలేయములోని గ్రాహకము చక్కెరను పెంచుటయు, తెల్లకణములలోని గ్రాహకము వాటి పోరాటమును తగ్గించుటయు ఏకకాలమున జరిగినచో ఆ బూజునకు ఎంత అనువైన నేల ఏర్పడునో ఇప్పుడు మనము ఊహించుకొనవచ్చును.

చర్మపు లేపనముల సంగతియు ఇట్టిదే. మొగము తెల్లబడునని, మచ్చలు పోవునని కొందరు స్టీరాయిడు లేపనములను నెలల తరబడి పూసికొందురు. చర్మము పలుచబడి, ఎర్రబడి, మొటిమలతో నిండును. తామర వంటి బూజు రోగముల మీద పూసినచో దురద తగ్గునే గాని బూజు లోలోపల వ్యాపించును. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి లేపనములను అనేకము వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమము చేసినది. దీనికి విరుద్ధముగా, ఉబ్బసమునకు పీల్చుకొను స్టీరాయిడు మందును చూచి భయపడనవసరము లేదు. కొలది మోతాదు నేరుగా ఊపిరి గొట్టములకు చేరును. ఇతర అవయవముల గ్రాహకములను తాకునది మిక్కిలి స్వల్పము. పీల్చిన తరువాత నోరు పుక్కిలించినచో నోటిలో పూత రాకుండ ఉండును.

కీళ్లవాతములో నేడు వైద్యులు స్టీరాయిడును కొలది కాలము మాత్రము వాడి, వ్యాధిని దీర్ఘకాలము అదుపులో ఉంచుటకు తరచుగా మెథొట్రెక్సేట్ వంటి మందులను ఇచ్చుచున్నారు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందము తయారుచేసినదే ఆ మందు. కార్టిసోన్ తొలిసారి రోగికి ఇయ్యబడుటకు ఒక మాసము ముందు, 1948 ఆగస్టులో, ఆయన పరమపదించినారు. ఆనాడు రక్తపు కేన్సరు కొరకు పుట్టిన ఆ మందు, నేడు స్టీరాయిడు భారమును తగ్గించుటకు తోడ్పడుచున్నది.

స్టీరాయిడు మిత్రమా, శత్రువా అని అడుగుటలో అర్థము లేదు. అది దేహములోని ప్రతి గదిలోను ఉన్న ఒకే సెట్టును మ్రోగించును. ఎంత మోతాదు, ఎన్ని దినములు, ఏ మార్గమున, ఎట్లు తగ్గింపవలెను అను నాలుగు విషయములలోనే దాని మంచిచెడ్డలు ఉన్నవి. ఆ నాలుగును నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. పాత చీటీని చూపి దుకాణములో తిరిగి కొనుట, పొరుగువారికి గుణమిచ్చినదని తాను మ్రింగుట, కొంత నయమైనదని ఒక్కనాడే మానివేయుట, ఈ మూడును ఆ గ్రాహకపు స్వభావమునకు విరుద్ధమైన పనులు. ఇంటిలో ఎవరైనను ఎక్కువ కాలముగా ఈ మందు వాడుచున్నచో, మరియొక వైద్యుని వద్దకు పోయినపుడు గాని, శస్త్రచికిత్సకు ముందు గాని, ఆ సంగతిని తప్పక చెప్పవలెను. చెప్పిన ఆ ఒక్క మాట ఒక్కొక్కప్పుడు ప్రాణమును కాపాడును.